గంగమ్మ అడిగిన ప్రశ్న – పుష్కరాలకు వెళ్లే ప్రతి ఒక్కరూ చదవాల్సిన మాట

ఓం శ్రీ గురుభ్యో నమః.

పుష్కర స్నానం మీద చేసిన వీడియో చూసి చాలామంది ఇంచుమించు ఒకే ప్రశ్న పంపించారు. "గురువుగారూ, పుణ్యనదుల్లో ఏ మందుకూ లొంగని క్రిములు ఉన్నాయని పేపర్లలో రాస్తున్నారు. గంగమ్మ తల్లికి మైల అంటుతుందా? మేం స్నానం చెయ్యొచ్చా, వద్దా?" అని. ఇది నాలుగు ముక్కల్లో తేల్చేసే విషయం కాదు. అందుకే వీడియోలో వదిలేసి, ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. 2027లో గోదావరి తల్లికి పుష్కరాలు వస్తున్నాయి. ఈలోపు ఈ మాట ఇంటింటికీ చేరాలని నా కోరిక.

ముందు భాగవతంలోకి వెళ్దాం. నవమ స్కంధం. భగీరథుడు తపస్సు చేశాడు, గంగమ్మ ప్రత్యక్షమైంది. భూమికి రావడానికి అమ్మ రెండు సందేహాలు చెప్పింది. నా వేగాన్ని ఎవరు భరిస్తారు అన్నది మొదటిది. దానికి శివయ్య ఉన్నాడు, జటాజూటంలో పట్టుకున్నాడు. ఆ కథ చిన్నపిల్లలక్కూడా తెలుసు. రెండో సందేహం మనం అంతగా చెప్పుకోం. మనుషులందరూ వచ్చి తమ పాపాలు నాలో కడుక్కుంటారు కదా, మరి ఆ పాపాన్ని నేను ఎక్కడ కడుక్కోవాలి, దానికి దారి ఆలోచించావా అని అడిగింది అమ్మ.

చూడండి, ఎంత గొప్ప ప్రశ్నో! గంగమ్మ మనల్ని రావద్దనలేదు. మీరు నాలో వదిలింది నాలోనే ఉంటుంది, దాని సంగతేమిటి అని అడిగింది.

భగీరథుడు ఏం చెప్పాడు? అమ్మా, నీలో పాపాత్ములొక్కరే మునగరు. శాంతచిత్తులు, లోకాన్ని పావనం చేసే సాధువులు కూడా వచ్చి స్నానం చేస్తారు. వాళ్ల హృదయంలో హరి ఉంటాడు. వాళ్ల స్పర్శతో నీ పాపం పోతుంది అన్నాడు. ఆ మాట మీదే అమ్మ దిగి వచ్చింది. అంటే ఏమిటన్నమాట? రేవులోకి దిగే మనిషి ఎలా దిగుతున్నాడన్నది కూడా నది పావనత్వంలో ఒక భాగం. మన తరఫున భగీరథుడు ఆ రోజు అమ్మకు మాట ఇచ్చాడు. మనం ఆ మాట నిలబెడుతున్నామా లేదా అన్నది ఇవాళ్టి విషయం.

ఋషికేశ్, హరిద్వార్‌లలో ఏం కనిపించింది?

బ్రిటన్‌లోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయం, మన ఐఐటీ ఢిల్లీ పరిశోధకులు కలిసి గంగానది పైభాగంలో, ఋషికేశ్, హరిద్వార్ ప్రాంతాల్లో ఏడు చోట్ల నీటిని, అడుగు మట్టిని పరీక్షించారు. 2014లో ఆ ఫలితాలు ప్రచురించారు. వాళ్లు అక్కడికే ఎందుకు వెళ్లారంటే, పెద్ద ఊళ్ల మురుగు కలవకముందు అక్కడ గంగ చాలావరకు నిర్మలంగా ఉంటుంది. కాబట్టి జనం వస్తే ఏం మారుతుందో తేటగా కనిపిస్తుంది.

వాళ్లు వెతికింది ఎన్‌డీఎం-1 అనే గుణాన్ని ఇచ్చే జన్యువును. ఈ గుణం ఉన్న క్రిమి, డాక్టర్లు ఆఖరి ఆయుధంగా దాచుకునే కార్బపెనెమ్ మందులను కూడా ముక్కలు చేసేస్తుంది. యాత్రికులు తక్కువగా ఉండే రోజులతో పోలిస్తే, మే, జూన్ నెలల్లో, అంటే యాత్రలు ముమ్మరంగా సాగే కాలంలో, ఆ జన్యువు జాడ సుమారు 60 రెట్లు ఎక్కువగా కనిపించింది.

ఇది వినగానే కొందరు, "చూశారా, స్నానాలే తప్పు" అంటారు. ఇంకొందరు, "ఇదంతా మన మతం మీద కుట్ర" అంటారు. ఇద్దరూ కాస్త ఆగండి. ఆ పరిశోధకులు గంగను తప్పు పట్టలేదు, స్నానాన్నీ తప్పు పట్టలేదు. కొద్దిమంది జనం కోసం కట్టిన చిన్న ఊళ్లకు ఒక్కసారిగా లక్షలమంది వస్తే, అక్కడి మరుగుదొడ్లు, మురుగు శుద్ధి ఏర్పాట్లు తట్టుకోలేవు. ఆ మలం చివరికి నదిలోకి చేరుతుంది. మనిషి కడుపులో ఉన్న క్రిమి దాంతోపాటే వెళ్తుంది. అంటే క్రిమి పుట్టింది నదిలో కాదు, మనతోపాటు బస్సెక్కి, రైలెక్కి వచ్చింది. ఆ యాత్రికులు మళ్లీ ఇళ్లకు వెళ్తారు. కొందరి కడుపులో అది కూడా వెళ్తుంది.

ఇలాంటిది మనకు కొత్తేమీ కాదు. 1867లో హరిద్వార్ కుంభమేళా ముగిశాక, తిరిగి వెళ్లే యాత్రికుల వెంట కలరా ఉత్తర భారతమంతటా పాకింది. అప్పుడు మనుషులకు క్రిమి సంగతి తెలియదు. ఇప్పుడు తెలుసు. తెలిశాక మన బాధ్యత పెరుగుతుంది కదా!

లొంగని క్రిమి ఎలా తయారవుతుంది?

దీన్ని పొలం భాషలో చెప్తాను. చేలో పురుగు పడింది. మందు కొట్టారు. బలహీనమైన పురుగులు చచ్చాయి. మందును తట్టుకున్న నాలుగు పురుగులు మిగిలాయి. వచ్చే కారుకు చేనంతా ఆ నాలుగింటి సంతానమే. రైతు అన్నవాడెవడైనా ఈ మాట ఒప్పుకుంటాడు.

మన కడుపులోనూ ఇదే జరుగుతుంది. జలుబు చేసిందని, ఒళ్లు వెచ్చబడిందని మెడికల్ షాపుకు వెళ్లి రెండు బిళ్లలు అడిగి వేసుకుంటాం. జలుబుకు కారణం వైరస్. యాంటీబయాటిక్‌కూ దానికీ సంబంధమే లేదు. కానీ ఆ బిళ్ల కడుపులో ఉన్న మంచి క్రిములను చంపి, తట్టుకోగలిగినవాటికి చోటు ఖాళీ చేస్తుంది. ఇంకో ముఖ్య విషయం. ఈ క్రిములు తమ విద్యను తమ పిల్లలకే కాదు, పక్కనున్న వేరే జాతి క్రిములకు కూడా నేర్పుతాయి. ఉంగరం లాంటి చిన్న జన్యు ముక్కను ఒకటి ఇంకొకదానికి అందిస్తుంది. మురుగు కలిసిన నీరు ఈ ఇచ్చిపుచ్చుకోవడాలకు సంత లాంటిది.

ఇందులో మోసం ఏమిటంటే, కడుపులో ఈ క్రిమి ఉన్న మనిషికి ఏ బాధా ఉండదు. నెలల తరబడి హాయిగా తిరుగుతాడు. కానీ అదే క్రిమి పురిటిబిడ్డ రక్తంలోకో, ఆపరేషన్ అయిన తాతగారి గాయంలోకో, డయాలసిస్ చేయించుకునే అక్కయ్య ఒంట్లోకో చేరితే, డాక్టరు ఒక మందు, ఇంకో మందు, మూడో మందు మార్చి చూసి, చివరికి చేతులెత్తేసే పరిస్థితి వస్తుంది. 2019 ఒక్క సంవత్సరంలోనే ప్రపంచం మొత్తం మీద ఇలా మందుకు లొంగని బ్యాక్టీరియా నేరుగా బలితీసుకున్నవాళ్లు 12.7 లక్షల మంది అని అంతర్జాతీయ శాస్త్రవేత్తల బృందం లెక్కగట్టింది.

"గంగాజలంలో క్రిములు బతకవు కదండీ?"

ఈ ప్రశ్న కూడా చాలామంది అడిగారు. ఇందులో కొంత నిజం ఉంది, దాన్ని నేను దాచను. 1896లో హాంకిన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త, ఆగ్రాలో పనిచేస్తూ, గంగా యమునల నీటిలో కలరా క్రిములు త్వరగా నశిస్తున్నాయని రాశాడు. ఆ నీటిని కాచితే ఆ శక్తి పోతోందని కూడా గమనించాడు. తర్వాతి కాలంలో దీనికి బ్యాక్టీరియాను తినే సూక్ష్మజీవులు, అంటే బ్యాక్టీరియోఫేజ్‌లు, కారణం కావచ్చని వివరించారు.

అయితే ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఒక్కో ఫేజ్ ఒక్కో రకం క్రిమినే పడుతుంది. అన్నిటినీ కాదు. అమ్మకు ఓర్పు ఉంది కదా అని బిడ్డలు ఎంతైనా బరువు మోపుతారా? 2025లో ప్రయాగరాజ్ మహాకుంభమేళా జరుగుతుండగా, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు ఇచ్చిన నివేదికలో, చాలాచోట్ల నీటిలో మలంతో వచ్చే కోలీఫామ్ క్రిములు స్నానానికి ఉండాల్సిన హద్దు దాటాయని చెప్పింది. 100 మిల్లీలీటర్లకు 2,500 ఆ హద్దు. అక్కడి రాష్ట్ర ప్రభుత్వం ఒప్పుకోలేదు, వాదన నడిచింది. వాదన ఎవరు గెలిచారన్నది పక్కన పెట్టండి. ఆ లెక్క కొలిచేది దేన్ని? మన మలాన్ని. అమ్మ ఒడిలోకి అది వెళ్లకూడదన్న దాంట్లో ఎవరికైనా వాదన ఉందా?

పవిత్రం వేరు, శుభ్రం వేరు. గంగ పవిత్రత మనం ఇచ్చింది కాదు, మనం తీసేయగలిగిందీ కాదు. శుభ్రత మాత్రం మన చేతిలో ఉంది. గర్భగుడి ఎప్పుడూ పవిత్రమే. అయినా పూజారిగారు రోజూ పొద్దున్నే కడగడం లేదూ? "అమ్మ పవిత్రం కాబట్టి ఏం కలిపినా పర్లేదు" అనేది భక్తి అనిపించుకోదు.

వేదం ఏం చెప్పింది?

మన తెలుగునాట వేదపండితుల్లో ఎక్కువమందిది కృష్ణయజుర్వేదం, తైత్తిరీయ శాఖ. అరుణ పారాయణ చేయించి సూర్య నమస్కారాలు చేసే ఆచారం మన ఇళ్లలో ఉంది. ఆ అరుణ ప్రశ్నలోనే, తైత్తిరీయ ఆరణ్యకం మొదటి ప్రపాఠకంలో, నీటి విషయంలో వ్రతం చెప్పారు. నీళ్లలో మలమూత్రాలు విడవకూడదు, ఉమ్మకూడదు, వస్త్రం లేకుండా స్నానం చేయకూడదు అని. మనుస్మృతి నాలుగో అధ్యాయంలోనూ ఇదే నియమం ఉంది. వేల ఏళ్ల కిందట, సూక్ష్మదర్శిని లేని రోజుల్లో, మన పెద్దలు నీటిని దేవతగా చూసి పెట్టిన కట్టుబాటు ఇది.

ధర్మశాస్త్రంలో మలాపకర్షణ స్నానం అని ఒకటి చెప్తారు. అంటే ఒంటి మురికి వదిలించుకునే స్నానం. అది ముందు విడిగా చేసుకుని, తర్వాతే తీర్థంలో మునగాలని పెద్దవాళ్లు పాటించేవాళ్లు. మా పెద్దలు కాలవకు వెళ్లినా గట్టున చెంబుతో కాళ్లూ ఒళ్లూ కడుక్కుని, తర్వాతే దిగేవాళ్లు. నది మన సబ్బుకీ మురికికీ తొట్టి కాదని వాళ్లకు తెలుసు.

"నాకు తెలియకుండా జరిగితే నా తప్పేముంది?"

ఇది అసలైన ప్రశ్న. నా కడుపులో ఏ క్రిమి ఉందో నాకెలా తెలుస్తుంది అంటారు. న్యాయమే. దీనికి జవాబు గోదావరి తల్లి పుట్టుకలోనే ఉంది.

గౌతమ మహర్షి కథ గుర్తు తెచ్చుకోండి. పంట మేస్తున్న ఆవును అదిలించడానికి ఒక దర్భపోచ విసిరాడు. ఆవు పడి చనిపోయింది. చంపాలని ఆయన అనుకోలేదు. గడ్డిపోచకు ఆవు చస్తుందని ఎవరనుకుంటారు? అందులో పరాయివాళ్ల కపటం ఉందనీ కథ చెప్తుంది. అయినా మహర్షి, "నాకు తెలియదు, నా తప్పు కాదు" అని ఊరుకోలేదు. తన చేతి మీదుగా ఒక ప్రాణం పోయింది, దానికి తానే పరిహారం చేయాలి అనుకున్నాడు. తపస్సు చేసి గంగను రప్పించాడు. ఆ తల్లే గౌతమి, మన గోదావరి.

ఆలోచించండి. తెలియక జరిగిన ఒక హానికి బాధ్యత తీసుకున్న మనిషి వల్ల ఆ నది మన నేల మీదికి వచ్చింది. అలాంటి నదిలో మునిగే మనం, "నాకు తెలియదు" అంటే చెల్లుతుందా? ఎక్కడో చేసిన పాపం పుణ్యక్షేత్రంలో పోతుంది, పుణ్యక్షేత్రంలో చేసిన పాపం వజ్రలేపం అవుతుంది అని పెద్దలు హెచ్చరించారు. పుష్కర రేవులో మన నిర్లక్ష్యం వల్ల పక్కవాడి పసిబిడ్డకు హాని జరిగితే, దాన్ని కడుక్కోవడానికి మళ్లీ ఏ నదికి వెళ్తాం?

ఇంకో మాట కూడా న్యాయంగా చెప్పాలి. ఈ పాపమంతా భక్తులదే కాదు. 2007లో స్వీడన్ పరిశోధకులు మన హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో, మందుల కంపెనీల వ్యర్థాలు శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికి వస్తున్న నీటిని పరీక్షించి, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ ఉందని ప్రకటించారు. మందు వేసుకున్న మనిషి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. అప్పట్లో ఆ నీరు కలిసే ఇసకవాగు నక్కవాగులోకి, నక్కవాగు మంజీరలోకి పోతాయి. మంజీర కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. పుష్కరాలకు జనం మునిగే సంగమం అది. పరిశ్రమను అడగాల్సింది అడగాలి, ప్రభుత్వాన్ని అడగాల్సింది అడగాలి. కానీ మన వంతు మనం చేశాకే ఆ అడగడానికి బలం వస్తుంది.

పుష్కర యాత్రకు నియమాలు

ఉపవాసం, బ్రహ్మచర్యం, నేలపడక లాంటి నియమాలు యాత్రకు ముందు పెట్టుకుంటాం కదా. వాటితోపాటు ఇవీ పెట్టుకోండి.

మొదటిది, మరుగుదొడ్డి వరుస ఎంత పొడుగున్నా అక్కడికే వెళ్లండి. గట్టు చాటుకో, ఇసక తిన్నెల మీదికో పోవద్దు. చంటిపిల్లల బట్టలు, డైపర్లు నదిలో జాడించొద్దు. ఒక సబ్బు ముక్క యాత్ర సంచిలో కుంకుమ భరిణె పక్కనే పెట్టుకోండి. దొడ్డికి వెళ్లొచ్చాక, ప్రసాదం తీసుకునే ముందు, వండే ముందు చేతులు సబ్బుతో కడగండి.

రెండోది, విరేచనాలు, వాంతులు, జ్వరం, మానని పుండు ఉన్నవాళ్లు నీటిలోకి దిగొద్దు. విరేచనాలు తగ్గాక కూడా కొన్నాళ్లు ఆగండి. "పన్నెండేళ్లకోసారి వచ్చేది, పోతే ఎలా?" అని బెంగ వద్దు, దాని సంగతి కింద చెప్తాను.

మూడోది, తీర్థం. నెత్తిన చల్లుకోండి, కళ్లకద్దుకోండి. గుక్కెడు గుక్కెడు తాగడం, పసిపిల్లల నోట్లో పోయడం వద్దు. ఇంటికి తెచ్చుకున్న జలం పూజకు, ప్రోక్షణకు వాడండి.

నాలుగోది, యాత్ర సంచిలో యాంటీబయాటిక్ స్ట్రిప్పు పెట్టుకెళ్లొద్దు. స్ట్రిప్పు మీద ఎర్ర గీత నిలువుగా ఉంటే, అది డాక్టరు చీటీ లేకుండా వాడకూడని మందు అని గుర్తు. నీళ్ల విరేచనాలకు ముందు కావాల్సింది ఓఆర్‌ఎస్, కాచి చల్లార్చిన నీళ్లు. నెత్తురు పడినా, జ్వరం పెరిగినా, పిల్లలు నీరసించినా వైద్య శిబిరానికి వెళ్లండి. డాక్టరు ఎన్ని రోజులు వాడమంటే అన్ని రోజులు వాడండి. మిగిలిన బిళ్లలు ఇంకొకరికి ఇవ్వొద్దు, నదిలో వెయ్యొద్దు.

ఐదోది, యాత్ర నుంచి వచ్చాక ఇంట్లో ఎవరైనా ఆస్పత్రిలో చేరాల్సి వస్తే, ఫలానా యాత్రకు వెళ్లొచ్చాం, ఈమధ్య ఈ మందులు వాడాం అని డాక్టరుకు చెప్పండి. మందు ఎంచుకోవడానికి ఆయనకు అది పనికొస్తుంది.

ఆరోది దాతలకు. పుష్కరాల్లో అన్నదానం చేస్తామని వందలమంది ముందుకొస్తారు, సంతోషం. అన్నం తిన్న అంతమందికి మరుగుదొడ్డి కావాలి కదా? ఒక్క దాత అయినా, నేను పన్నెండు రోజులూ ఈ రేవులో నీళ్లు, సబ్బు, దొడ్లు కడిగే మనుషుల కూలి భరిస్తాను అంటే, ఆ పుణ్యం అన్నదానానికి ఏమాత్రం తక్కువ కాదని నా నమ్మకం. ఆ దొడ్లు కడిగే తల్లికి, తండ్రికి చేతితొడుగులు, బూట్లు, భోజనం ఇవ్వండి. భగీరథుడు చెప్పిన లోకపావనుల్లో వాళ్లు లేరని ఎవరనగలరు?

స్నానానికి వెళ్లలేనివాళ్లకు

శాస్త్రం కరుణలేనిది కాదండీ. స్నానాలు ఏడు రకాలని చెప్పింది. మంత్రంతో నీళ్లు చల్లుకుంటే మాంత్రం. మృత్తికతో భౌమం. విభూతితో ఆగ్నేయం. గోధూళితో వాయవ్యం. ఎండలో కురిసే వానలో తడిస్తే దివ్యం. నీటిలో మునిగితే వారుణం. భగవంతుణ్ణి ధ్యానిస్తే మానసం. ఒంట్లో బాగాలేనివాళ్లు గట్టున కూర్చుని గోదావరిని కళ్లారా చూసి, సంకల్పం చెప్పుకుని, మంత్రస్నానమో మానస స్నానమో చేయండి. పక్కవాడికి హాని జరక్కూడదని నీళ్లలో దిగకుండా ఆగిపోయినవాణ్ణి గోదావరి తల్లి కాదంటుందా?

కాశీఖండంలో అగస్త్యుడు లోపాముద్రకు మానస తీర్థాల గురించి చెప్తాడు. సత్యం ఒక తీర్థం, క్షమ ఒక తీర్థం, ఇంద్రియ నిగ్రహం ఒక తీర్థం, సర్వభూతదయ ఒక తీర్థం. నీళ్లలో పుట్టి నీళ్లలోనే చచ్చే ప్రాణులు స్వర్గానికి పోవడం లేదు, మనసు మలం పోనిదే స్నానం ఫలించదని కూడా అక్కడే ఉంది. సర్వభూతదయ అంటే ఎక్కడో అడవిలో ఉన్న జింక మీద దయ ఒక్కటే కాదు. దిగువ రేవులో ఈ నీళ్లే నెత్తిన పోసుకోబోతున్న ముఖం తెలియని ముసలమ్మ మీద దయ.

పుష్కరం అన్న మాటకు పోషించేది అని అర్థం చెప్తారు. ఆ పన్నెండు రోజులూ మూడున్నర కోట్ల తీర్థాలు గోదావరిలో కొలువుంటాయని మన విశ్వాసం. ఈసారి సంకల్పం చెప్పుకునేటప్పుడు గోత్రనామాలు చెప్పాక, మనసులో ఇంకొక్క మాట కలుపుకోండి: "అమ్మా, నా వల్ల నీకు గానీ, నీలో మునిగే ఇంకో బిడ్డకు గానీ హాని జరగకుండా చూసుకుంటాను."

ఈ పోస్టు మీ ఇంట్లో పెద్దవాళ్లకు చదివి వినిపించండి. మీ ఊళ్లో యాత్రకు బస్సు మాట్లాడేవాళ్లుంటే వాళ్లకు తప్పకుండా పంపండి. నియమాల గురించి సందేహాలుంటే రాయండి, వచ్చే వీడియోలో చెప్పుకుందాం.

లోకాః సమస్తాః సుఖినో భవంతు. శుభం భూయాత్.